జవాబు గైడులో లేని ప్రశ్న



చదువుకున్న అమ్మాయి ఒకావిడ పెళ్ళి చేసుకుని కాపురానికి వచ్చింది. ఇల్లు అద్దంలా ఉంచడంలో ఎంతగా మునిగిపోయిందంటే, ఒకరోజు ఇల్లలుకుతుండగా తన పేరు తనకే గుర్తు రాలేదు. పక్కింటావిడను అడిగింది. పనిమనిషిని అడిగింది. ఫలానా ఇంటావిడ, ఫలానా ఆయన భార్య అన్నంతవరకే వాళ్ళకు తెలుసు. పిల్లలను అడిగితే నువ్వు అమ్మవే కదా అన్నారు. చివరికి సర్టిఫికెట్లు వెతుక్కుంటూ పుట్టింటికి ప్రయాణమైంది. పాత స్నేహితురాలు ఒకామె కనిపించి పేరు పెట్టి పిలిచేదాకా శారద శారదకు దొరకలేదు.

ఇది పి. సత్యవతి గారి కథ, ‘ఇల్లలకగానే’. ఇల్లలకగానే పండుగ కాదన్న సామెత నుంచి పుట్టిన పేరు. గుంటూరు జిల్లా కొలకలూరులో 1940లో పుట్టిన సత్యవతి గారు విజయవాడలో ఇంగ్లిషు అధ్యాపకురాలిగా పనిచేశారు. ‘ఒక హిజ్రా ఆత్మకథ’ అనువాదానికి 2019 కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం అందుకున్నారు. ఆమె తెలుగులో రాసిన ఈ కథ ఇంగ్లిషులోకి వెళ్ళి, ‘వాట్ ఈజ్ మై నేమ్?’ అన్న పేరుతో పదో తరగతి ఇంగ్లిషు వాచకంలో పాఠంగా తిరిగొచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2014లో తయారైన ‘అవర్ వరల్డ్ త్రూ ఇంగ్లిష్’ అనే ఆ పుస్తకంలో, మానవ హక్కుల యూనిట్ కింద, చిట్టచివరి పాఠాల్లో ఒకటిగా చేరింది.

ఈ పాఠం విన్నాక పదిహేనేళ్ళ పిల్ల ఏం రాస్తుంది? ఈనాటి ప్రసంగమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే.

మామూలుగా ఏం రాస్తుందో అందరికీ తెలుసు. స్త్రీలను గౌరవించాలని రాస్తుంది. స్త్రీ ఇంటికి దీపమని రాస్తుంది. ఈ కథలోని నీతి ఏమిటంటే అని మొదలుపెట్టి మూడు వాక్యాల్లో ముగిస్తుంది. ఆ మూడు వాక్యాల్లో ఒక్కటీ ఆమెది కాదు. ఒకటి గైడులోది, ఒకటి బోర్డు మీద టీచరు రాయించినది, మూడోది ఏ వ్యాసరచన పోటీలోనో ఎప్పుడో బట్టీ పట్టినది. మార్కులు మాత్రం పడతాయి.

విచిత్రమేమిటంటే, ఆ వాచకం తయారుచేసినవాళ్ళు కోరుకున్నది సరిగ్గా దీనికి విరుద్ధం. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, దాని వెంట 2011లో వచ్చిన రాష్ట్ర చట్రం, రెండూ బట్టీ చదువును వదిలించుకోవాలనే చెప్పాయి. ఆ ఆలోచనతోనే ఇంగ్లిషు పుస్తకాల్లోకి ‘డిస్కోర్సులు’ వచ్చాయి. ఈ మాట ఇంగ్లిషు టీచర్ల నోట రోజూ వినిపిస్తుంది. పాఠంలోని ఒక ఘట్టం తీసుకుని ఆ పాత్ర డైరీ రాయమంటారు. ఇద్దరి మధ్య జరిగి ఉండగల సంభాషణ రాయమంటారు. ఉత్తరం, వార్తా కథనం, జీవిత చిత్రణ, వర్ణన, స్కిట్, ఇలా ఎన్నో. పాఠంలో లేనిదాన్ని పాఠం ఆధారంగా ఊహించి రాయడం ఇందులోని కీలకం. కంఠతా పట్టడానికి వీల్లేని ప్రశ్న అది.

వీల్లేదని అనుకున్నారు. ప్రశ్న మారిన కొద్ది నెలల్లోనే గైడూ మారింది. శారద డైరీ, అదే వాచకంలోని మరో కథలో బాయాజీ అనే దళితుడు భార్యతో మాట్లాడిన సంభాషణ, ఆ ఊరి పెద్ద పాటిల్‌కు రాసిన ఉత్తరం, అన్నీ అచ్చయి బజారులోకి వచ్చాయి. డైరీకి ఒక నమూనా, సంభాషణకు ఒక నమూనా. ఏ పాత్ర పేరు పెట్టినా సరిపోయేలా మొదటి వాక్యం, చివరి వాక్యం ముందే తయారు. ఈ రోజు నా జీవితంలో మరచిపోలేని రోజు అని మొదలయ్యే డైరీ శారదకూ సరిపోతుంది, ఇల్లు కాలిపోయిన బాయాజీకీ సరిపోతుంది. అందులోని అన్యాయం ఎంతటిదో ఆ రెండు కథలూ చదివినవాళ్ళకు తెలుస్తుంది.

సాహిత్యం చదివిన పిల్లలు ఏం రాస్తారు, ఏం రాయాలి అన్న తర్జనభర్జనకు దాదాపు వందేళ్ళ చరిత్ర ఉంది. 1920లలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఐ.ఏ. రిచర్డ్స్ ఒక ప్రయోగం చేశాడు. కవి పేరు, కాలం ఏమీ చెప్పకుండా కవితలు విద్యార్థుల చేతికిచ్చి, ఏమనిపించిందో రాసి తెమ్మన్నాడు. అలా వచ్చిన కాగితాల నుంచి 13 కవితల మీది స్పందనలను విడదీసి పరిశీలించి 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజమ్’ పుస్తకం వేశాడు. జాన్ డన్, హాప్‌కిన్స్ వంటి మహాకవుల కవితలను కూడా చాలామంది తీసిపారేశారు. కేంబ్రిడ్జిలో చదివేవాళ్ళు, ఇంగ్లిషు మాతృభాష అయినవాళ్ళు, కవిత చెప్పే సాదా అర్థాన్నే అందుకోలేకపోయారు. ఎందుకిలా జరుగుతోందో రిచర్డ్స్ ఒక పట్టిక వేశాడు. అందులో ఒకటి తెలుగు బడులకు బాగా పరిచయమైనదే. కవిత ఒక మాట ఎత్తగానే దానికి మనసులో ముందే సిద్ధంగా ఉన్న భావం పైకొచ్చి, కవిత అసలేం చెబుతోందో వినపడనివ్వదు. తల్లి అనగానే త్యాగమూర్తి. పల్లె అనగానే పచ్చదనం. స్త్రీ అనగానే ఇంటికి దీపం. రిచర్డ్స్ పుస్తకంలో ఈ జబ్బు పిల్లల లోపల పుట్టింది. ఇక్కడ గైడు దాన్ని అచ్చువేసి అమ్ముతోంది.

తొమ్మిదేళ్ళ తర్వాత, అట్లాంటిక్‌కు అవతల, మరో గొంతు వినిపించింది. లూయీ రోజెన్‌బ్లాట్ అమెరికాలో 1904లో పుట్టింది. 1938లో ‘లిటరేచర్ యాజ్ ఎక్స్‌ప్లొరేషన్’ ప్రచురించింది. కాగితం మీద ఉన్న అక్షరాలు ఇంకా కవిత కాలేదని, ఒక మనిషి తన బతుకుతో, తన జ్ఞాపకాలతో వచ్చి చదివినప్పుడే ఆ ఇద్దరి మధ్యా కవిత జరుగుతుందని ఆమె వాదన. 1978లో మరో పుస్తకంలో చదవడంలోని రెండు తీరులను విడదీసి చూపడానికి ఆమె ఇచ్చిన ఉదాహరణ మరిచిపోలేనిది. పొరపాటున విషం తాగిన బిడ్డను పక్కన పెట్టుకుని సీసా మీది కాగితాన్ని చదివే తల్లి. విరుగుడేమిటన్న ఒక్క సంగతే ఆమెకు కావాలి, మిగతా ఏ మాటా ఆమెకు పట్టదు. కథను, కవితను అలా చదవకూడదు అంటుంది రోజెన్‌బ్లాట్. చదువుతున్నంతసేపూ లోపల ఏం కదులుతోందో గమనించుకుంటూ చదవాలి.

మన పరీక్ష పేపరు పిల్లల చేత కథను ఆ సీసా కాగితంలాగే చదివిస్తోంది. బాయాజీ ఎన్నేళ్ళు పనిచేశాడు? అతను ఎక్కడ పనిచేశాడు? పాటిల్ పేరేమిటి? విరుగుడు దొరగ్గానే సీసా పక్కన పడేయడమే.

అదే 1938లో బ్రూక్స్, వారెన్ అనే ఇద్దరు అమెరికన్ అధ్యాపకులు ‘అండర్‌స్టాండింగ్ పొయెట్రీ’ అన్న పాఠ్యపుస్తకం తెచ్చారు. కవితను దాని మాటల్లోనే, దాని నిర్మాణంలోనే చూడాలి అన్నది వాళ్ళ దారి. ఆ తర్వాత చాలాకాలం అమెరికా కాలేజీలను ఏలింది ఆ దారే. పాఠకుడి మనసులో కలిగిన భావాన్ని బట్టి కవితను తూచడం పొరపాటని విమ్‌శాట్, బియర్డ్‌స్లీ అనే విమర్శకులు 1949లో ఒక వ్యాసంలో గట్టిగా చెప్పారు. రోజెన్‌బ్లాట్ మాట బాగా వినపడడానికి 1970లు రావాల్సి వచ్చింది. ఆమె నూరేళ్ళు బతికి 2005లో కన్నుమూసింది, కాబట్టి తన మాట బడుల్లోకి వెళ్ళడం కళ్ళారా చూసింది.

రెండు పక్షాల్లోనూ సత్యం ఉంది. కానీ తెలుగు నేల మీద ఉన్నత పాఠశాలలో తూకం ఏ వైపు ఒరగాలంటే, ముందు రోజెన్‌బ్లాట్ వైపే ఒరగాలి. పిల్ల ముందు తనది అంటూ ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యం పాఠానికి నిలుస్తుందా అని తర్వాత అడగవచ్చు. లేని వాక్యాన్ని దిద్దేదెవరు?

మళ్ళీ శారద దగ్గరికి వద్దాం. ఈ పాఠానికి ముందు ఒక టీచరు పిల్లలకు చిన్న పని చెప్పిందనుకోండి. మీ అమ్మ పేరు రాయండి. నిన్న పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆమెను ఎవరు ఏమని పిలిచారో వరుసగా రాయండి. అంతే. ఆ కాగితాల మీద ఏముంటుందో ఊహించడం కష్టం కాదు. నాన్న పిలుపు ఏమే, ఇదిగో, ఎక్కడున్నావ్. నానమ్మ పిలుపు కోడలా. మేనత్త పిలుపు వదినా. కూరగాయల బండి అతని పిలుపు అమ్మా, లేదంటే అక్కా. బడికొస్తే టీచరు అడిగేది ఫలానా అబ్బాయి వాళ్ళ అమ్మగారా అని. డ్వాక్రా సంఘం సమావేశంలోనో, రేషను షాపు దగ్గరో, ఆస్పత్రి చీటీలోనో మాత్రం ఆమె పేరు పేరుగా బయటికొస్తుంది. ఉపాధి హామీ మస్టరులో ఆ పేరు ఉంటుంది. ఇంట్లో ఉండదు.

ఆ కాగితం చేతిలో పెట్టుకుని కథ చదివిన పిల్లకు, స్త్రీలను గౌరవించాలి అన్న వాక్యం రాయడానికి చెయ్యి రాదు. ఆమె రాసేది ఇంకేదో. మా అమ్మ పేరుతో పిలిచేది మా అమ్మమ్మ ఒక్కతే, ఆమె పోయినేడు చనిపోయింది అని ఎవరైనా రాయవచ్చు. లేదా, మా అమ్మను నాన్న పేరు పెట్టే పిలుస్తాడు కానీ తిట్టేటప్పుడే అని రాయవచ్చు. ఆ వాక్యం ఇంగ్లిషులో తప్పుల తడికగా ఉన్నా సరే, కథను అర్థం చేసుకున్న వాక్యం. సత్యవతి గారి కథకు ఒక పాఠకురాలు ఇవ్వగల జవాబు అది. గైడులో ఈ జవాబు దొరకదు, ఎందుకంటే గైడు రాసినాయనకు ఆ పిల్ల అమ్మమ్మ తెలియదు.

ఇక్కడ ఎర్ర సిరా కలం పని మొదలవుతుంది. చాలాచోట్ల ఆ వాక్యం కింద పడే మొదటి గీత క్రియారూపం తప్పినందుకు, రెండోది ఒక అక్షరం పోయినందుకు. ఆ పిల్ల వచ్చేసారి ఏం చేస్తుంది? తప్పులు రాని వాక్యాలు రాస్తుంది. అవి గైడులో ఉన్నాయి.

ఇక బాయాజీ కథ. అది అదే వాచకంలో సామాజిక సమస్యల యూనిట్‌లో ఉంది. మరాఠీ రచయిత వామన్ హోవాళ్ రాసిన ‘ద స్టోరీడ్ హౌస్’. బొంబాయి రేవులో 35 ఏళ్ళు చాకిరీ చేసి రిటైరైన దళితుడు బాయాజీ, దాచుకున్న డబ్బుతో సొంతూళ్ళో మేడ కట్టుకోవాలని ఆశపడతాడు. ఊరి పెద్ద కొండీబా పాటిల్‌కు అది గిట్టదు. మాతో సమానంగా మేడ కడతావా అన్నది అతని కోపం. బాయాజీ తగ్గినట్టే తగ్గి, బయటికి తెలియకుండా ఇంటి లోపలి నుంచి మెట్లు పెట్టుకుని పై అంతస్తు వేసుకుంటాడు. గృహప్రవేశం నాటి రాత్రి ఆ ఇల్లు తగలబడుతుంది. బాయాజీ ప్రాణం పోతుంది. దహనం అయ్యాక కొడుకులు అదే స్థలంలో పునాది తవ్వడం మొదలుపెడతారు, ఈసారి రెండంతస్తులకు.

ఈ కథకు వచ్చే పరీక్ష ప్రశ్న చాలా తేలికైనది. బాయాజీ, అతని భార్య మధ్య సంభాషణ రాయండి. లేదా, ఇల్లు కాలిన సంగతి వార్తాపత్రికకు రిపోర్టుగా రాయండి. కానీ తరగతి గదిలో ఈ కథ తేలికైనది కాదు. ఒకే బెంచీ మీద ఒకవైపు బాయాజీ మనవడి వంటి పిల్లవాడు, ఇంకోవైపు పాటిల్ మనవడి వంటి పిల్లవాడు కూర్చుని ఉండవచ్చు. చాలా ఊళ్ళలో అలాగే కూర్చుంటారు. ఇద్దరికీ ఒకే ప్రశ్న. మొదటివాడు తన ఇంట్లో విన్న సంగతి రాస్తే, దాన్ని తరగతిలో గట్టిగా చదవమని నిలబెట్టడం న్యాయమా? రెండోవాడు ఊరి కట్టుబాటు తప్పితే ఊరుకుంటారా అని రాస్తే, టీచరు ఏం చేయాలి?

ఇక్కడే టీచరు వివేకం అవసరం. మొదటివాడి రాత అతని అనుమతి లేకుండా ఎవరికీ వినిపించకూడదు. అది ఇంగ్లిషు క్లాసులో రాసినదైనా అతని సొంత ఆస్తి. రెండోవాణ్ణి తిట్టి కూర్చోబెట్టినా లాభం లేదు, వాడు వచ్చేసారి టీచరుకు నచ్చేదే రాస్తాడు, లోపల మాత్రం మారడు. వాణ్ణి తిరిగి కథలోకి పంపాలి. బాయాజీ ఏ కట్టుబాటు తప్పాడు? ఎవరి స్థలంలో కట్టాడు? ఎవరి డబ్బుతో కట్టాడు? మెట్లు లోపల ఎందుకు దాచుకోవలసి వచ్చింది? ఆ నాలుగు ప్రశ్నలకూ కథలోని వాక్యాలే ఆధారంగా మళ్ళీ రాసుకురమ్మనాలి. పిల్లవాడికి ఏమనిపించినా సరైనదే అని రోజెన్‌బ్లాట్ ఎన్నడూ అనలేదు. ఆమె దారిలో వెళ్తున్నామనుకునే కొందరు మాత్రం అలాగే అర్థం చేసుకున్నారు. ఆమె అడిగింది, అనిపించినదాన్ని తెచ్చి మళ్ళీ పుస్తకం పక్కన పెట్టి చూడమని.

ఇలా తిరిగి చూడడాన్ని నేర్పడానికి అదే వాచకంలో చక్కని చిన్న కథ ఉంది. ఎ.ఎల్. హెండ్రిక్స్ రాసిన ‘జమైకన్ ఫ్రాగ్మెంట్’. దారిన పోతున్న మనిషి ఇద్దరు పిల్లలు ఆడుకోవడం చూస్తాడు. తెల్ల పిల్లవాడు హుకుం ఇస్తుంటే నల్ల పిల్లవాడు చెప్పినట్టల్లా చేస్తుంటాడు. చూస్తున్నాయన మనసు చివుక్కుమంటుంది, చిన్నప్పటి నుంచే ఈ బానిస బుద్ధా అని కుంగిపోతాడు. మర్నాడు అదే దారిన వెళితే ఆట తలకిందులై కనిపిస్తుంది. నల్ల పిల్లవాడు యజమాని, తెల్ల పిల్లవాడు సేవకుడు. చదవడం తప్పినవాడు తన తప్పు తానే దిద్దుకోవడం ఈ కథ. టీచరు చేయవలసిందల్లా మొదటి రోజు దగ్గర పుస్తకం మూయించడం. ఇక్కడిదాకా మీకేమనిపించిందో అయిదు నిమిషాలు రాయండి. తర్వాత పుస్తకం తెరిచి మిగతాది చదవండి. ఇప్పుడు మీరు రాసినదాని కిందే మళ్ళీ రాయండి, పైది కొట్టేయకుండా. ఒకే పేజీ మీద రెండు రాతలు, మధ్యలో మారిన మనసు. ఇంతకు మించిన సాహిత్య పాఠం పదో తరగతికి అక్కరలేదు.

భాష సంగతి మాట్లాడకుండా ఇదంతా చెప్పడం అన్యాయమవుతుంది. కేంబ్రిడ్జి విద్యార్థి రాసింది తన భాషలో. తాండూరులోనో, పలాసలోనో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చదివే పిల్లకు ఇంగ్లిషు ఇంటి భాష కాదు. ఆమె మనసులో కదిలింది తెలుగులో కదులుతుంది, లేదా ఉర్దూలో, గోండిలో, లంబాడీలో. దాన్ని నేరుగా ఇంగ్లిషులో పెట్టమంటే దారిలోనే ఆగిపోతుంది. ముందు ఇంటి మాటల్లో రాసుకోనివ్వాలి. ఇంగ్లిషు తెలియని చోట తెలుగు మాట తెలుగులోనే ఉండనివ్వాలి. కోడలా అన్న పిలుపును ఇంగ్లిషులో ఏమంటారో వెతుక్కుంటూ కూర్చుంటే ఆ పిలుపులోని సంగతే పోతుంది. రెండో రాతలో, మూడో రాతలో మెల్లగా ఇంగ్లిషులోకి రావచ్చు. తరగతిలో తెలుగు మాట వినపడితే జరిమానా వేసే బడులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ బడుల్లో ఇంగ్లిషు వస్తుందేమో గాని, ఇంగ్లిషులో చెప్పడానికి పిల్లల దగ్గర ఏమీ మిగలదు.

పిల్లలు వ్యాసం ఏ భాషలో రాయాలన్నది తెలుగువాళ్ళకు కొత్త జగడం కాదు. నూటపదేళ్ళ కిందట స్కూలు ఫైనల్ విద్యార్థి తెలుగు వ్యాసాన్ని గ్రాంథికంలోనే రాయాలా, ఇంట్లో మాట్లాడే భాషకు దగ్గరగా రాయవచ్చా అన్నదాని మీదే గిడుగు రామమూర్తి పోరాడారు. గురజాడ అప్పారావు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి పెద్ద అసమ్మతి పత్రమే రాసి ఇచ్చారు. ఎవరూ మాట్లాడని భాషలో పిల్లవాడి చేత రాయిస్తే వాడు పుస్తకాల్లోని ముక్కలు అతికిస్తాడే గాని తన ఆలోచన చెప్పలేడన్నది వాళ్ళ బాధ. గ్రాంథికం స్థానంలో ఇంగ్లిషును పెట్టి చూస్తే, ఆ బాధ ఇవాళ్టిది.

అమెరికాలో పరిస్థితి పూలపాన్పు అనుకోనక్కరలేదు. అక్కడి హైస్కూలు పిల్లలకు అయిదు పేరాల వ్యాసం అన్న అచ్చు ఉంది. మొదటి పేరాలో వాదన, మధ్యలో మూడు పేరాల్లో మూడు ఆధారాలు, చివర ముగింపు. ఏ నవలకైనా అదే చట్రం. కాలేజీ క్రెడిట్ల ఆశతో చాలామంది తెలుగు పిల్లలు కూడా అక్కడ రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) ఇంగ్లిషు లిటరేచర్ పరీక్షలో రెండు గంటల్లో మూడు వ్యాసాలు రాయాలి. ఒకటి కవిత మీద, ఒకటి కథాభాగం మీద, మూడోది పిల్లలు తామే ఎంచుకున్న పుస్తకం మీద. ఆ మూడో ప్రశ్న మంచి ప్రశ్న. దానికి కూడా ముందే వండిపెట్టిన వ్యాసాలతో వెళ్ళేవాళ్ళు ఉంటారు, కోచింగ్ అక్కడా ఉంది.

అచ్చులు పోసే ఆ చదువు మధ్యలోనే వేరే దారి తొక్కినవాళ్ళూ అక్కడే ఉన్నారు. మెయిన్ రాష్ట్రంలో ఒక చిన్న తీరప్రాంత పట్టణంలో ఎనిమిదో తరగతికి ఇంగ్లిషు చెప్పిన నాన్సీ ఆట్‌వెల్ పిల్లల చేత ఉత్తరాలు రాయించింది. చదివిన పుస్తకం గురించి పిల్లవాడు నోటుబుక్కులో టీచరుకు ఉత్తరం రాస్తాడు, టీచరు అదే నోటుబుక్కులో జవాబు రాస్తుంది. మార్కు ఉండదు, రెండు ఉత్తరాలు మాత్రమే. 1987లో ఆమె రాసిన ‘ఇన్ ద మిడిల్’ ఈ పద్ధతిని ప్రపంచానికి చెప్పింది. 2015లో మొట్టమొదటి గ్లోబల్ టీచర్ ప్రైజు, పది లక్షల డాలర్లు, ఆమెకే వచ్చింది. ఆ డబ్బును తాను స్థాపించిన బడికే ఇచ్చేసింది.

ఉత్తరం అనగానే మన టీచర్లు ఒక ప్రశ్న వేస్తారు, అది న్యాయమైన ప్రశ్న. ఎంతమందికి జవాబు రాయగలం? ఒక స్కూల్ అసిస్టెంటుకు అయిదు సెక్షన్లు, సెక్షనుకు నలభై మంది అనుకుంటే రెండు వందల నోటుబుక్కులు. ఒక్కోదానికి మూడు నిమిషాలు పెట్టినా పది గంటలు. దాని పైన సిలబస్, ఆన్‌లైన్ ఎంట్రీలు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఎన్నికల డ్యూటీ. ఈ లెక్క చూడకుండా టీచర్లకు సుద్దులు చెప్పడం ఎవరికీ తగదు.

అయినా దారులు ఉన్నాయి. వారానికి ఒక్కో సెక్షనులో ఎనిమిది మంది రాతలే తీసుకుంటే, అయిదు వారాల్లో అందరివీ చూసినట్టవుతుంది. ఆ వారం మిగతా పిల్లలు జతలుగా కూర్చుని ఒకరి రాత ఒకరు చదివి, నాకిక్కడ ఇంకా తెలుసుకోవాలనిపించింది అని ఒక్క గీత గీయవచ్చు. ప్రతి రాతకూ మార్కు వేయాలన్న నియమం ఏ జీవోలోనూ ఉండనక్కరలేదు. తెలంగాణలో 2022-23లో ఆరు పేపర్ల పద్ధతి వచ్చినప్పుడు పరీక్షకు 80 మార్కులు, ఏడాది పొడవునా జరిగే అంతర్గత మూల్యాంకనానికి 20 మార్కులు కేటాయించారు. పిల్లల సొంత రాతకు చోటు దొరకాలంటే ఆ 20లోనే దొరకాలి. ఆ 20 మార్కులను కళ్ళు మూసుకుని అందరికీ నింపేసే చోట, పిల్లల నుంచి లాక్కున్నది ఒక్క నిజాయితీనే కాదు, రాసుకునే ఆ కాస్త చోటు కూడా.

ఇప్పుడు గైడుకు ఒక తమ్ముడు పుట్టాడు. ఫోనులో అడిగితే చాలు, శారద డైరీ చక్కటి ఇంగ్లిషులో అర నిమిషంలో వచ్చేస్తుంది. గైడు కంటే బాగా ఉంటుంది, ఒక్కో పిల్లకు ఒక్కో రకంగా కూడా ఉంటుంది, కాబట్టి పట్టుకోవడం కష్టం. ఇంటికిచ్చే రాతపనికి ఇక నమ్మకం లేదు. కాబట్టి రాయడం బడిలోనే, క్లాసులోనే, పెన్నుతో, అయిదు పది నిమిషాల ముక్కలుగా జరగాలి. అమ్మను నిన్న ఎవరు ఏమని పిలిచారో ఫోనుకు తెలియదు, అడిగినా చెప్పలేదు. అటువంటి ప్రశ్నలే ఇక వేయాలి.

వాచకాలు మారుతుంటాయి. ఈ కథలు రేపు ఉండకపోవచ్చు, వేరే కథలు రావచ్చు. ఏ కథ వచ్చినా, పాఠం చదవగానే బోర్డు మీద జవాబు రాయించే ముందు ఆ కొద్ది నిమిషాలు తరగతిని నిశ్శబ్దంగా రాసుకోనివ్వమని ఉపాధ్యాయులకు మనవి. ఆ కాగితాలను మొదటిసారి కలం చేతిలో లేకుండా చదవండి. రెండోసారి చదివేటప్పుడు దిద్దవచ్చు.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మీ ఇంట్లో హైస్కూలు పిల్ల ఉంటే, ఈ ఆదివారం ఇంగ్లిషు వాచకం తెచ్చి ఒక కథ మీకు తెలుగులో చెప్పమనండి. చెప్పాక, ఆ కథలో నీకు ఎవరి మీద కోపం వచ్చింది అని అడగండి. ఆ చెప్పినదాన్నే నోటుబుక్కులో నాలుగు ముక్కలు రాసుకోమనండి. తప్పులు చూడకండి. గైడు ఆ ఒక్క పూటకు బీరువాలో ఉండనివ్వండి.